ఒకే చిత్రం, అనేక ప్రతులు: తెలుగు చలనచిత్రాల పునఃప్రదర్శన చరిత్రలో పాఠ సమస్య

2022 ఆగస్టు 9న ‘పోకిరి’ (2006) ప్రత్యేక ప్రదర్శనలతో ఊపందుకొని, సెప్టెంబరు తొలి దినాల్లో ‘జల్సా’ (2008), ఆ ఏడాది చివరి రోజున ‘ఖుషి’ (2001) ప్రదర్శనలతో బలపడిన పునర్విడుదలల ధోరణి తెలుగు ప్రేక్షకులకు నేడు సుపరిచితం. కథానాయకుని జన్మదినం, చిత్రం విడుదలై ఇన్నేళ్లయిందన్న వార్షికోత్సవం, ఒక్కొక్కప్పుడు నటుని మరణానంతర స్మృతి ఇందుకు సందర్భాలు అవుతున్నాయి. కృష్ణ కన్నుమూసిన తరువాత వచ్చిన తొలి జయంతికి, 2023 మే 31న, ‘మోసగాళ్లకు మోసగాడు’ (1971) మళ్లీ తెరకెక్కింది. ఈ ధోరణిని గురించిన చర్చ అభిమానుల ఉత్సాహం చుట్టూ, వసూళ్ల చుట్టూ తిరుగుతున్నదే గాని, తెరపై కనిపించినది చిత్రం యొక్క ఏ ప్రతి అన్న ప్రశ్న దాదాపు వినబడదు. సాహిత్య పరిశోధనకు ఆ ప్రశ్న పరాయిది కాదు. సినిమా పాటను, సంభాషణను పరిశోధన సామగ్రిగా స్వీకరించి తెలుగు శాఖలలో సిద్ధాంత గ్రంథాలు వెలువడుతున్న కాలంలో, ఉదాహరించిన పాఠం ఏ ప్రతి నుండి గ్రహించినదో చెప్పవలసిన బాధ్యత పరిశోధకునిదే.

తాళపత్ర గ్రంథాల విషయంలో ఈ బాధ్యతను తెలుగువారు రెండు శతాబ్దాల క్రితమే గుర్తించారు. సి.పి. బ్రౌన్ ఒక్కొక్క కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పండితుల చేత వాటిని సరిపోల్పించి, పాఠభేదాలు గుర్తింపజేసి శుద్ధప్రతులు వ్రాయించాడు. గ్రంథపాతం, లేఖక ప్రమాదం, ప్రక్షిప్తం అనే పారిభాషిక పదాలు ఆ పరిష్కరణ సంప్రదాయంలో నిత్యం వాడుకలో ఉన్నవే. ఇవి సినిమా ప్రింటుకు అలంకారప్రాయంగా కాక అక్షరాలా వర్తిస్తాయని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం. ప్రింటు అన్న ఆంగ్లపదానికి ‘ప్రతి’ అన్నదే సరైన తెలుగు మాట కావడం కూడా ఇక్కడ గమనింపదగినది.

పాత ఆటలు

పాత చిత్రాన్ని మళ్లీ ప్రదర్శించడం 2022లో పుట్టిన వింత కాదు. టెలివిజన్ ఇళ్లలోకి రాకముందు సినిమా జీవితమంతా పునఃప్రదర్శనే. ప్రింటు తయారీ ఖర్చుతో కూడినది కనుక పరిమిత సంఖ్యలో తీసేవారు. ఆ కొద్ది ప్రింట్లే మొదట పెద్ద పట్టణాల్లో ఆడి, తరువాత చిన్న పట్టణాలకు, అటుపైన పల్లెల్లోని టూరింగ్ టాకీసులకు చేరేవి. పరిశ్రమ పరిభాషలో ఎ, బి, సి సెంటర్లన్న విభజన ఈ ప్రయాణ క్రమానికే పేరు. కాబట్టి డేరా హాలులో నేల టిక్కెట్టు కొన్న ప్రేక్షకుడు చూసినది, నగరంలో తొలివారం చూసిన ప్రేక్షకుడు చూసినది ఒకే చిత్రమే అయినా ఒకే పాఠం కాదు. వందల ఆటలు ఆడి, గీతలు పడి, అతుకులు తిన్న ప్రింటు అతనికి దక్కేది. తెరపై నిలువుగా జారే గీతలను చూసి ‘వాన పడుతోంది’ అనడం ఆనాటి జనవ్యవహారం. తెలుగు సినిమా ప్రేక్షకుల చరిత్ర వ్రాసినవారు హాలులోని తరగతి భేదాలను చక్కగానే వివరించారు. ప్రింటులోని తరగతి భేదం మాత్రం వారి దృష్టిలో పడలేదు.

పట్టణాల్లో ఉదయపు ఆటలు పాత చిత్రాలకు ఆశ్రయమిచ్చాయి. తగ్గింపు ధరలతో, వారానికొకటిగా, పంపిణీదారుల కార్యాలయాల్లో పడి ఉన్న ప్రింట్లు ఈ ఆటలకు వచ్చేవి. విజయవాడ గాంధీనగరం ఈ వ్యాపారానికి కేంద్రం. నెగెటివు మద్రాసులోని లేబొరేటరీలో, ప్రింట్లు విజయవాడ గిడ్డంగుల్లో అన్న ఈ ఎడబాటు తరువాతి కథకు కీలకం. పునర్విడుదల ఒక్కొక్కసారి పోటీకి కూడా ఆయుధమైంది. 1974లో విజయనిర్మల దర్శకత్వంలో రంగుల ‘దేవదాసు’ వచ్చిన సందర్భంలో, వేదాంతం రాఘవయ్య తీసిన 1953 నాటి ‘దేవదాసు’ మళ్లీ విడుదలై కొత్తదానికన్నా ఎక్కువ ఆదరణ పొందింది. ఇరవై ఏళ్లు దాటిన నలుపు తెలుపుల ప్రతి రంగుల చిత్రాన్ని ఎదిరించి నిలిచిందంటే, ఆనాటి ప్రేక్షకునికి ప్రింటు నాణ్యత ఒక్కటే ప్రమాణం కాదన్నది స్పష్టం.

1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం, ఆ తరువాతి దశకంలో వీడియో క్యాసెట్టు, 1995 నుండి తెలుగు ఉపగ్రహ ఛానళ్లు పాత చిత్రాలను ఇంటికే తెచ్చాయి. ఉదయపు ఆటలు క్రమంగా అంతరించాయి. ప్రింట్లు నిరుపయోగమైన సరుకుగా మారాయి.

ప్రతి శిథిలమయ్యే తీరు

35 ఎం.ఎం. ఫిలిమునకు అడుగుకు 16 ఫ్రేములు. క్షణానికి 24 ఫ్రేముల వేగంతో నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు. ప్రొజెక్టరులో ఫిలిం తెగినప్పుడు ఆపరేటరు తెగిన అంచులను కత్తిరించి, గీకి, సిమెంటుతో అతికిస్తాడు. ప్రతి అతుకూ ఒకటి రెండు ఫ్రేములను బలిగొంటుంది. అదే చోట పదేపదే తెగితే నష్టం అరక్షణం, క్షణం దాకా పెరుగుతుంది. ఒక అక్షరం పలకడానికి నాలుగైదు ఫ్రేముల కాలం పడుతుందనుకొంటే, పది ఫ్రేముల నష్టం రెండక్షరాల గ్రంథపాతం. ఇందులో ఇంకొక చిక్కు ఉంది. ప్రొజెక్టరులో చిత్రాన్ని చూపే కటకం ఒకచోట, ధ్వనిని చదివే భాగం వేరొకచోట ఉండడం వల్ల, ప్రింటుపై ధ్వనిరేఖ తన బొమ్మకంటే సుమారు 20 ఫ్రేములు ముందుగా ముద్రితమవుతుంది. కనుక ఒక అతుకు దగ్గర పోయిన బొమ్మ ఒక క్షణానిది, పోయిన మాట దాదాపు మరుక్షణానిది. ఒకే కోత పాఠంలో రెండు చోట్ల లోపాన్ని కలిగిస్తుంది. తాటాకు విరిగితే విరిగినచోటనే అక్షరాలు పోతాయి. ఫిలిం అంతకన్న మాయావి.

తెగడం వల్ల పోయినవి కొన్నయితే, తీసుకోవడం వల్ల పోయినవి మరికొన్ని. పాటల్లోని, పోరాటాల్లోని ఫిలిం ముక్కలు ఊళ్లలో పిల్లల చేతికి చేరి, అద్దంతో ఎండను మళ్లించి గోడమీద బొమ్మ వేసుకొనే ఆటవస్తువులు కావడం ఒక తరానికి మధుర స్మృతి. పాఠ పరిష్కర్తకు అది చేదు నిజం.

రసాయనిక శిథిలత వేరు. 1950 ప్రాంతం వరకు వాడుకలో ఉన్న నైట్రేటు ఫిలిం సులభంగా అంటుకొనేది. ఒకసారి అంటుకొంటే ఆర్పడం కష్టం. 2003 జనవరిలో పుణేలో జరిగిన అగ్నిప్రమాదంలో భారత జాతీయ చలనచిత్ర భాండాగారానికి చెందిన నైట్రేటు సంపద పెద్దయెత్తున దగ్ధమైంది. తరువాత వచ్చిన ఎసిటేటు ఫిలిం అంటుకోదు గాని, వేడి, తేమ తగిలితే ఎసిటిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తూ కుంచించుకుపోతుంది. డబ్బా తెరవగానే వెనిగరు వాసన కొట్టే ఈ వ్యాధికి, విడుదలైన ఆమ్లమే మరింత శిథిలతకు కారణం కావడం ప్రత్యేకత. మద్రాసు, విజయవాడల వంటి ఉక్కపోత ఊళ్లలో, శీతలీకరణ లేని గదుల్లో ఎసిటేటు ఫిలిం ఎంతకాలం నిలుస్తుందో ఊహించవచ్చు. ఇక నలుపు తెలుపు ప్రింట్లలోని వెండి వాటికి మరో మృత్యువు. పాత ప్రింట్లను కరిగించి వెండి తీయడం దేశమంతటా సాగిన వ్యాపారం.

రంగుల చిత్రాలకు రంగే శత్రువైంది. ‘లవకుశ’ (1963) తెలుగులో తొలి పూర్తి నిడివి రంగుల చిత్రం.  1980ల ఆరంభం వరకు వాడిన ఈస్ట్‌మన్ కలర్ ప్రింటు ఫిలిముల్లో మూడు వర్ణద్రవ్యాలూ ఒకే వేగంతో నిలవవు. సయాను పొర ముందుగా వెలిసిపోయి, చివరకు తెరంతా ఎరుపు కలిసిన గులాబీ ఛాయలో మిగులుతుంది. 1970ల నాటి చిత్రాలను ఉదయపు ఆటల్లో చూసిన ప్రేక్షకులకు ఆకాశం, అడవి, చీర అన్నీ ఒకే రంగులో కనిపించడానికి కారణమిదే. ఆ కాలపు చిత్రాల్లో వర్ణయోజనను గురించి విమర్శకుడు ఏ మాట అన్నా, అతడు చూసిన ప్రతి వయస్సెంతో తెలియకుండా ఆ మాటను ప్రమాణంగా తీసుకోలేం.

పుష్పిక వంటి ధ్రువపత్రం

తాళపత్ర ప్రతి చివర లేఖకుడు తన పేరు, వ్రాసి ముగించిన తిథి, ఎవరికోసం వ్రాశాడో చెప్పే పుష్పిక ఉంటుంది. సినిమా ప్రతికి మొదట్లోనే కనిపించే సెన్సారు ధ్రువపత్రం అటువంటిది. అందులో తేదీ, రీళ్ల సంఖ్య, నిడివి ఉంటాయి. తొలగించిన భాగాల వివరాలు రెండవ భాగంలో నమోదవుతాయి. ప్రేక్షకులు ఈలలతో గడిపే ఆ కొన్ని క్షణాలు పరిశోధకునికి అమూల్యం. తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’ ప్రింటు ఒక్కటీ మిగలలేదు. అయినా, చిరకాలం ప్రచారంలో ఉన్న 1931 సెప్టెంబరు 15 అన్న విడుదల తేదీని రెంటాల జయదేవ తోసిపుచ్చి, 1932 ఫిబ్రవరి 6ను నిర్ధారించగలిగినది 1932 జనవరి 22 నాటి సెన్సారు ఆధారంతో, ఆనాటి పత్రికల సాక్ష్యంతోనే. ప్రతి నశించినా పుష్పిక మాట్లాడింది.

అయితే పుష్పికను కూడా జాగ్రత్తగా చదవాలి. 1952 చలనచిత్ర చట్టం ప్రకారం ధ్రువపత్రానికి పదేళ్ల గడువు ఉండేది. ఈ పరిమితిని చట్టం నుండి తొలగించినది 2023 సవరణ. పాత చిత్రాన్ని మళ్లీ విడుదల చేసేటప్పుడు తీసుకొన్న ధ్రువపత్రం మీది తేదీ పునర్విడుదలది, నిడివి ఆనాటికి మిగిలినదానిది. లేఖన కాలాన్ని రచనా కాలంగా పొరబడిన కవికాల నిర్ణేతల కథలు సాహిత్య చరిత్రకు కొత్తవి కావు. సినిమా చరిత్రకారుడు అదే గోతిలో పడే అవకాశం ఉంది.

నిడివిని కొలిచేటప్పుడు మరొక పొరపాటు తరచు దొర్లుతుంది. ధ్రువపత్రంలో 16,560 అడుగులు ఉన్న చిత్రం థియేటరులో 184 నిమిషాలు నడవాలి. అదే చిత్రం టెలివిజన్ కోసం పాల్ పద్ధతిలో వీడియోగా మారినప్పుడు క్షణానికి 25 ఫ్రేములతో నడుస్తుంది. నిడివి సుమారు 177 నిమిషాలకు దిగుతుంది. ఏడు నిమిషాల చిత్రాన్ని ఛానలు వారు కోసివేశారని కోపగించుకోనక్కరలేదు, ఒక్క ఫ్రేమూ పోయి ఉండకపోవచ్చు. కాని నష్టం లేకపోలేదు. వేగంతోపాటు శ్రుతి కూడా దాదాపు ముప్పాతిక స్వరస్థానం మేర పెరుగుతుంది. ఘంటసాల గాత్రం మీద, ఒక పాట ఏ శ్రుతిలో ఉందన్న విషయం మీద పరిశోధన చేసేవారు ఆధారం చేసుకొన్నది గ్రామఫోను రికార్డా, థియేటరు ప్రింటా, టెలివిజన్ ప్రతియా అన్నది చెప్పకపోతే ఆ నిర్ణయాలకు విలువ లేదు.

‘మాయాబజార్’ రెండు పాఠాలు

1957 మార్చి 27న విడుదలైన ‘మాయాబజార్’కు 2010 జనవరి 30న రంగుల రూపం వచ్చింది. హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ ఈ చిత్రంతోపాటు మరికొన్ని పాత చిత్రాల నెగెటివు హక్కులు సంపాదించి, గీతలు తొలగించి, రంగులద్ది, తెరను సినిమాస్కోపు చేసి, ధ్వనిని బహుమార్గ పద్ధతికి మార్చి విడుదల చేసింది. ప్రజాదరణ లభించింది. పాత చిత్రం కోసం యువతరం థియేటరుకు రావడం సామాన్యమైన విషయం కాదు. ఆ ప్రయత్నంలోని శ్రమను కించపరచడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కాని పాఠ పరిష్కరణ దృష్టితో చూస్తే గీతలు తొలగించడం ఒక పని, రంగులద్దడం మరొక పని. మొదటిది లేఖక దోషాల సవరణ. రెండవది ప్రక్షిప్తం.

ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే వెన్నెలను నలుపు తెలుపుల మధ్య ఉన్న అసంఖ్యాకమైన బూడిద ఛాయలతో సృష్టించాడు. నౌకావిహార గీతంలో నీటి మీది తళుకు, ముఖాలమీది మెత్తని వెలుగు ఆ ఛాయల లెక్కతోనే నిలబడ్డాయి. వాటిమీద నీలం, పసుపు పరచినప్పుడు వెన్నెల రాత్రి అని చూపరికి వెంటనే తెలుస్తుంది. తెలియజేసే పని ఛాయాగ్రాహకుడు వెలుగుతో చేసినది, ఇప్పుడు రంగు చేస్తున్నది. ప్రబంధంలోని వర్ణనకు పక్కనే తాత్పర్యం అచ్చువేసి, ఆ రెండూ కవివే అన్నట్లుంటుంది ఈ పని.

తెర ఆకారం మాట. 1957 నాటి చట్రం వెడల్పు ఎత్తుకు 1.37 రెట్లు. తెలుగులో సినిమాస్కోపు ‘అల్లూరి సీతారామరాజు’ (1974)తో గాని రాలేదు. స్కోపు తెర వెడల్పు ఎత్తుకు దాదాపు 2.35 రెట్లు. పాత బొమ్మను పూర్తి వెడల్పుతో స్కోపు తెరకు నింపాలంటే కత్తిరించాలి, లేదా సాగదీయాలి. కేవలం కత్తిరిస్తే మిగిలేది మూల చిత్రంలో 58 శాతం. ఇరుపక్కలా నలుపు వదిలి మూల చట్రాన్ని యథాతథంగా చూపడం మూడవ దారి. తెర నిండలేదన్న ప్రేక్షకుని ఫిర్యాదుకు వెరచి ఆ దారిని వ్యాపారులు సాధారణంగా తొక్కరు. స్కోపు తెరలు వచ్చాక పాత చిత్రాలను తలలు తెగిపోయేలా ప్రదర్శించడం మామూలు హాళ్లలోనూ జరిగినదే కనుక, ఈ విషయంలో నింద అంతా కొత్త సాంకేతికతదే అనడం న్యాయం కాదు.

తెలుగు శాఖలకు ఎక్కువ సన్నిహితమైనది మాట. పింగళి నాగేంద్రరావు ఈ చిత్రంలో ఘటోత్కచుని పరివారానికి ప్రత్యేకమైన ఉచ్చారణ కల్పించాడు. ‘అసమదీయులు’ వంటి పదాల్లో సంయుక్తాక్షరాన్ని విడదీసి మధ్య అచ్చు చేర్చడం దాని లక్షణం. భాషాశాస్త్ర దృష్టితో ఇది స్వరభక్తి. ఇది ఉద్దేశపూర్వకమని నిరూపించాలంటే, ఆ పాత్రలు ఎక్కడ సంయుక్తాన్ని విడదీశాయో, ఎక్కడ విడదీయలేదో ఒక్కొక్క చోటా చెవితో తేల్చుకోవాలి. అరిగిన ధ్వనిరేఖలో ముందుగా మాసిపోయేవి ఉచ్చస్థాయి ధ్వనులు. శ, ష, సల భేదం, హల్లుకూ హల్లుకూ నడుమ పొడిగా మెరిసే అచ్చు వాటిలోనే ఉంటాయి. మాసిన ప్రతిలో స్వరభక్తి వినబడకపోతే అది పాత్ర పలకకపోవడమా, ప్రింటు మింగడమా? ఇప్పటి పరిశోధకుడు సాధారణంగా ఆధారపడే ఉచిత వీడియో ప్రతులు ఏ తరం నకలో తెలియదు. రంగుల ప్రతిలో ధ్వని శుభ్రంగా ఉంది. అయితే శుద్ధిచేసే ప్రక్రియ గరగరతోపాటు ఊష్మాలను కూడా కొంత గీసివేసే ప్రమాదం ఉన్నది కనుక, దానిని సైతం పాత ప్రింటుతో పోల్చి చూడకుండా శుద్ధప్రతిగా అంగీకరించరాదు.

ఆ సంస్థ తలపెట్టిన తక్కిన చిత్రాల రంగుల రూపాలు వెలువడలేదు. నిర్మాతలు టెలివిజన్ ఛానళ్లకు హక్కులు అమ్ముకోవడంతో నెగెటివుల యాజమాన్యం చిక్కుల్లో పడడం ఇందుకు కారణాల్లో ఒకటిగా చెప్పారు. పాఠం మీద హక్కు ఒకరిది, ప్రతి మీద హక్కు ఇంకొకరిది అన్న ఈ పరిస్థితి ప్రింటు శిథిలతకన్న తక్కువ ప్రమాదకరం కాదు.

4కె అన్న మాట

2010 తరువాతి కొద్ది ఏళ్లలోనే తెలుగునాట హాళ్లు ఫిలిమును వదిలి డిజిటల్ ప్రొజెక్షనుకు మారాయి. హైదరాబాదు ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని సుదర్శన్ 35 ఎం.ఎం., సంధ్య 70 ఎం.ఎం. పేర్లలో మాత్రం ఫిలిం కొలత మిగిలింది. ప్రింట్ల పెట్టెలు ఊరూరా తిరగడం ఆగిపోవడంతో ఎ, సి సెంటర్ల మధ్య ప్రతుల తారతమ్యం తొలగింది. ఇది నిజమైన లాభం. ఇవాళ మండల కేంద్రంలోని హాలుకూ నగరంలోని మల్టీప్లెక్సుకూ చేరేది ఒకే దస్త్రం. ప్రతుల మధ్య ఉండిన భేదం ఇప్పుడు చిత్రాల మధ్యకు మారింది.

వాల్‌పోస్టరు మీద 4కె అని ఉంటే బొమ్మ 4096 అడ్డు బిందువుల వెడల్పుతో ఉందని అర్థం. ఆ బిందువులు ఎక్కడినుండి వచ్చాయో ఆ మాట చెప్పదు. మూల నెగెటివును స్కాను చేసినదానికీ, థియేటరులో ఆడిన ప్రింటును స్కాను చేసినదానికీ, టెలివిజన్ కోసం ఏనాడో చేసిన వీడియోను యంత్రంతో పెంచినదానికీ అదే ముద్ర వేయవచ్చు. చిత్రమేమంటే, రసాయనిక పద్ధతిలోనే ముగిసిన 1990ల చిత్రం నెగెటివు బాగుంటే నిజమైన 4కె రూపం పొందగలదు. 2కె స్థాయిలో డిజిటల్ ఇంటర్మీడియెట్ జరిగిన తరువాతి చిత్రం ఆ స్థాయిని దాటాలంటే కూర్పు మొత్తం మళ్లీ చేయవలసి ఉంటుంది. కొత్తది కనుక స్పష్టంగా ఉంటుందన్న నమ్మకం అన్నివేళలా చెల్లదు. ధ్వని విషయంలో ప్రక్షిప్తం మరింత బాహాటం. ‘శివ’ (1989) 2025 నవంబరు 14న డాల్బీ అట్మాస్‌లో వచ్చినప్పుడు, మొదటి విడుదలనాడు ఒకే మార్గంలో వినిపించిన శబ్దాలు హాలు నలుమూలల నుండి పలికాయి.

అభిమానుల ప్రదర్శనల్లో ఈ సూక్ష్మాలు చాలావరకు అప్రస్తుతం. సంభాషణ తెరకన్న ముందే ప్రేక్షకుల నోట వస్తుంది. పాటకు హాలంతా లేచి నిలబడుతుంది. ప్రింటులో రెండు మాటలు లోపించినా సామూహిక స్మృతి ఆ గ్రంథపాతాన్ని అక్కడికక్కడే పూరిస్తుంది. హరికథకో, వీధినాటకానికో వచ్చిన జనం అందించే మాట లాంటిదే ఇది. దీనిని మౌఖిక సంప్రదాయంగా అధ్యయనం చేయడానికి చోటుంది గాని, అది వేరొక వ్యాసానికి విషయం.

భాండాగారాల ద్వారా వచ్చిన ప్రదర్శనలది మరొక తీరు. కె. విశ్వనాథ్ ‘శంకరాభరణం’ (1980) పునరుద్ధరించిన ప్రతి 2022 గోవా అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలోను, ‘దేవదాసు’ ప్రతి 2024 ఉత్సవంలోను ప్రదర్శితమయ్యాయి. 2024 సెప్టెంబరు 20 నుండి 22 వరకు, అక్కినేని నాగేశ్వరరావు శతజయంతి సందర్భంగా ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్, జాతీయ చలనచిత్ర భాండాగారం, ఒక మల్టీప్లెక్సు సంస్థ కలిసి ‘దేవదాసు’ మొదలు ‘మనం’ (2014) దాకా పది చిత్రాలను 25 నగరాల్లో ప్రదర్శించాయి. ఆరు దశాబ్దాల ఎడంలో వచ్చిన ప్రతులు మూడు రోజుల్లో, ఒకే తరహా యంత్రం మీద, పక్కపక్కనే కనబడిన అరుదైన సందర్భమది. చూసినవారు సమయాలు, లోపించిన చోట్లు, చట్రం ఆకారం వ్రాసిపెట్టుకొని ఉంటే అదొక ప్రతుల పట్టిక అయ్యేది.

2025 మే 9న, సరిగ్గా 35 ఏళ్లకు, ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ మళ్లీ వచ్చింది. 1990లో ఆ రోజున కోస్తాను తుపాను ముంచెత్తుతుండగా విడుదలైన చిత్రం అది. నిర్మాణ సంస్థ చెప్పినదాని ప్రకారం, మూల నెగెటివు పనికిరాని స్థితికి చేరగా, ఏళ్ల తరబడి సాగిన అన్వేషణలో విజయవాడలో దుమ్ముపట్టి దొరికిన ప్రింటు ఆధారంగా కొత్త ప్రతి తయారైంది. నెగెటివు నశించి, చిత్రం ఒక పంపిణీ ప్రతి ద్వారా బ్రతకడం తెలుగు ప్రబంధాలకు అనుభవమైనదే. ఆస్థాన ప్రతి పోయి పల్లెటూరి కరణం ఇంటి ప్రతి మిగిలినట్లు. ఆ ప్రింటు ఎన్ని హాళ్లు తిరిగిందో, ఏ రీలులో ఎన్ని అతుకులు ఉండినవో, వాటిని ఏ పద్ధతిలో పూడ్చారో పునరుద్ధరణ జరిపిన సాంకేతికుల దినచర్యల్లో నమోదై ఉండాలి. కొత్త ప్రతి తెరమీద మచ్చలేకుండా వెలిగింది. దాని ఆరంభంలో కనిపించిన పలకల్లో మాత్రం విజయవాడ ప్రింటు ఊసు చేర్చడానికి చోటు ఇంకా మిగిలే ఉంది.